నియమాలు, వాటి వెనుక ఉన్న సూత్రాలు

(తిరుపతిలో న్యాయశాస్త్ర విద్యార్థులు, కొత్తగా ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరిన యువతీయువకులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న యువతీయువకులకు నమస్కారం.

మీలో కొందరు ఇకమీదట నియమాలను న్యాయస్థానాల్లో వాదిస్తారు, కొందరు కార్యాలయాల్లో అమలు చేస్తారు. "రూలు ఒప్పుకోదండీ" అన్న మాట మీ నోటి నుంచి ఎన్నోసార్లు రాబోతోంది. ఆ మాట అనే ముందు, ఆ రూలు ఏ సూత్రాన్ని కాపాడడానికి పుట్టిందో తెలిసి ఉండడం మీ విధిలో భాగమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నియమానికీ సూత్రానికీ ఉన్న తేడా పుస్తకాల్లో మిగిలిపోయే తేడా కాదు. మీ బల్ల ముందు నిలబడిన మనిషికి న్యాయం జరగడమో జరగకపోవడమో చాలాసార్లు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మనకు దగ్గరలో ఉన్న ఒక నియమంతో మొదలుపెడతాను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిచేసి ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకున్న సంగతి మీకందరికీ తెలుసు. ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం, మధ్యాహ్నం 2 గంటలు దాటాక 15 ఏళ్ల లోపు పిల్లలను నడకదారిలోకి అనుమతించేది లేదని ప్రకటించింది. అప్పటి ఈ నియమం స్వభావాన్ని కొంచెం నిదానంగా చూడండి. 15 ఏళ్లు అన్నారే గాని 14 అనో 16 అనో అనలేదు. నిన్ననే 15 నిండిన బక్కపలచని పిల్లవాడు వెళ్లవచ్చు, వచ్చే నెలలో 15 నిండబోయే ఏపుగా ఎదిగిన పిల్లవాడు వెళ్లకూడదు. రెండింటికి పది నిమిషాల ముందు తొలిమెట్టు ఎక్కిన చిన్నపిల్ల మూడు గంటలకు ఇంకా అడవి మధ్యలోనే ఉంటుంది, రెండు దాటిన ఐదు నిమిషాలకు వచ్చిన పిల్ల మాత్రం కిందనే ఆగిపోతుంది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. గీసిన గీతకు ఇటూ అటూ ఇలాంటి వింతలు ఎప్పుడూ ఉంటాయి.

అయినా అది మంచి నియమమే. గేటు దగ్గర నిలబడిన కాపలా ఉద్యోగి తెలుసుకోవలసినవి రెండే రెండు విషయాలు, పిల్లల వయసు, అప్పటి సమయం. ఎవరి పిల్లలు ధైర్యవంతులు, ఎవరి తల్లిదండ్రులు జాగ్రత్తపరులు, ఎవరు ఎంత పలుకుబడి ఉన్నవారు అనే విచారణ అతని మీద పడదు. ఎక్కడో శ్రీకాకుళం నుంచి బయలుదేరే కుటుంబం కూడా ఆ నియమాన్ని ముందే తెలుసుకొని, దానికి తగ్గట్టు ప్రయాణం పెట్టుకోవచ్చు. ముందుగా తెలియడం, అందరికీ ఒకేలా వర్తించడం, అమలు చేసేవాడి ఇష్టాయిష్టాలకు చోటు లేకపోవడం, ఇవి నియమం ఇచ్చే మేళ్లు. వీటిని తక్కువగా చూసేవారితో నేను ఏకీభవించను. బలహీనుడికి బలవంతుడి ముందు తరచుగా దొరికే ఒకే ఒక ఆసరా నియమం.

మరి దాని వెనుక ఉన్న సూత్రం ఏమిటి? దారి నిర్వహించేవారు ఆ దారిన నడిచేవారి ప్రాణాలకు, ముఖ్యంగా తమను తాము కాపాడుకోలేని పసివారి ప్రాణాలకు బాధ్యులు అన్నది ఆ సూత్రం. ఈ సూత్రంలో 15 అన్న అంకె లేదు, 2 గంటలు అన్న సమయం లేదు. కాపలా పెంచాలా, దీపాలు పెట్టాలా, తినుబండారాల చెత్త దారి పక్కన పేరుకోకుండా చూడాలా అని అడిగితే అన్నింటికీ అది అవుననే అంటుంది. నియమాన్ని పాటిస్తే ఆ రోజుకు పని పూర్తవుతుంది. సూత్రం విధించే పని ఎప్పటికీ పూర్తికాదు. పైగా ఆ సూత్రం అక్కడ ఒంటరిగా కూడా లేదు. మొక్కు తీర్చుకోవడానికి బిడ్డను వెంటబెట్టుకొని కొండెక్కాలనుకునే భక్తుడి స్వేచ్ఛ ఇంకొక సూత్రం. మొదటిదే సర్వస్వమైతే నడకదారిని పూర్తిగా మూసేయాలి, రెండవదే సర్వస్వమైతే గేటే అక్కర్లేదు. ఆ రెండింటినీ తూచి చూసిన తర్వాత తేలిన నిర్ణయమే ఆ నియమం. మనం పాటించే ప్రతి మంచి నియమం వెనుకా ఎవరో ఒకరు ముందే తూకం వేసి ఉంటారు.

ఈ తేడాను న్యాయశాస్త్రంలో అందరూ చర్చించే స్థాయికి తెచ్చినవారు అమెరికా దేశపు న్యాయ తత్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్. అంతకుముందు 1961లో ఇంగ్లండుకు చెందిన హెచ్.ఎల్.ఎ. హార్ట్, చట్టమంటే ప్రధానంగా నియమాల వ్యవస్థ అని, నియమాలు స్పష్టంగా చెప్పని చోట న్యాయమూర్తి తన విచక్షణతో తీర్పు చెప్పవలసి ఉంటుందని వివరించారు. 1967లో రాసిన ఒక వ్యాసంలో డ్వార్కిన్ దానికి అభ్యంతరం చెప్పారు. నియమం వర్తిస్తే పూర్తిగా వర్తిస్తుంది, లేదా అసలు వర్తించదు. సూత్రం అలా కాదు, దానికి బరువు ఉంటుంది. రెండు నియమాలు ఢీకొంటే ఒకటి చెల్లకుండా పోవాలి, లేదా మరొకదానికి మినహాయింపుగా మారాలి. రెండు సూత్రాలు ఢీకొంటే ఆ సందర్భంలో బరువైనది నెగ్గుతుంది, ఓడిన సూత్రం చచ్చిపోదు, రేపు ఇంకొక సందర్భంలో అదే నెగ్గవచ్చు. మన చట్టం నుంచే ఉదాహరణ తీసుకుందాం. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామా మీద కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒక్కరే చేస్తే, ఆ ఒక్కరు ఎంతటి సత్యసంధుడైనా, అది ఆ సెక్షన్ కింద చెల్లదు. సగం చెల్లడం అంటూ ఉండదు. నియమం అంటే అది.

డ్వార్కిన్ తన వాదానికి ముఖ్య ఆధారంగా తీసుకున్నది 1889లో న్యూయార్క్ అప్పీళ్ల న్యాయస్థానం ఇచ్చిన రిగ్స్, పామర్ల కేసు తీర్పు. ఫ్రాన్సిస్ పామర్ అనే రైతు 1880లో వీలునామా రాశాడు. ఇద్దరు కూతుళ్లకు కొద్దిపాటి ఆస్తి, మిగిలినదంతా మనవడు ఎల్మర్‌కు. రెండేళ్ల తర్వాత ముసలాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వీలునామా మారిపోతుందేమోనన్న భయంతో 16 ఏళ్ల ఎల్మర్ తాతకు విషం పెట్టి చంపాడు. నేరం రుజువై శిక్ష పడింది. అయితే ఆస్తి ఎవరిది? వీలునామా సక్రమంగా ఉంది, సాక్షులు ఉన్నారు, రాసినవాడు చనిపోయాడు. హంతకుడికి వీలునామా ప్రకారం ఆస్తి రాకూడదని చట్టంలో ఎక్కడా రాసి లేదు. నియమాలను మాత్రమే చదివితే ఆస్తి ఎల్మర్‌దే.

ఎక్కువమంది న్యాయమూర్తుల తరఫున తీర్పు రాసిన ఎర్ల్, ఎవరూ తన తప్పు వల్ల తాను లాభపడకూడదన్న సూత్రం అన్ని చట్టాలకూ అంతర్లీనంగా ఉంటుందని చెప్పి ఎల్మర్‌కు ఆస్తి నిరాకరించారు. గ్రే అనే న్యాయమూర్తి దానితో విభేదించారు. శాసనసభ రాసిన నియమం స్పష్టంగా ఉన్నప్పుడు న్యాయస్థానం దాన్ని మార్చి రాయకూడదని, నేరానికి శిక్షాస్మృతి విధించిన శిక్ష మీద ఆస్తి తీసేయడమన్న మరొక శిక్షను చేర్చే అధికారం తమకు లేదని ఆయన వాదన. విద్యార్థులు గ్రే మాటను తేలిగ్గా దాటేయకూడదు. ఇష్టం లేని నియమాన్నల్లా ఏదో ఒక సూత్రం పేరు చెప్పి న్యాయమూర్తులు పక్కనపెట్టడం మొదలైతే, తమకు ఏది వర్తిస్తుందో సామాన్యులు ముందుగా తెలుసుకోలేరు. నా మటుకు నేను ఎర్ల్ పక్షమే. ఆయన ఆధారపడినది తన సొంత ఇష్టం మీద కాదు, ఎన్నో తీర్పుల్లో అప్పటికే పాతుకుపోయి ఉన్న ఒక సూత్రం మీద. సూత్రానికీ సొంత అభిప్రాయానికీ మధ్య ఉన్న తేడా కూడా ఇదే. సూత్రానికి గతం ఉంటుంది, దాన్ని చూపించగలగాలి.

ఇదే ప్రశ్న మన దేశంలోనూ వచ్చింది. అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలోని కన్నడ ప్రాంతం నుంచి కెంచవ్వ, గిరిమల్లప్పల వ్యాజ్యం, బ్రిటిష్ పాలనలో మన అప్పీళ్లను చివరిగా విచారించిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా 1924లో వెళ్లింది. హత్య చేసినవాడు, హతుడి ఆస్తికి వారసుడు కాగలడా అన్నది వివాదం. హిందూ ధర్మశాస్త్రం ఈ విషయంలో మౌనంగా ఉందని అనుకున్నా, న్యాయం, సమధర్మం, అంతరాత్మ అనే సూత్రాల ప్రకారం హంతకుడికి వారసత్వం ఉండదని, అసలు అతను లేనట్టుగానే భావించి వారసత్వాన్ని లెక్కకట్టాలని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినప్పుడు దాని 25వ సెక్షన్‌గా పార్లమెంటు ఇదే విషయాన్ని రాసిపెట్టింది. హత్య చేసినవారు, హత్యకు ప్రోత్సహించినవారు హతుడి ఆస్తికి వారసులు కారు. 1924లో సూత్రంగా ఉన్నది 1956లో నియమమైంది. ఈనాటి న్యాయమూర్తికి ఎర్ల్ పడిన శ్రమ అవసరం లేదు, సెక్షన్ చదివితే చాలు. ఒక సూత్రం కోసం ఎవరో ఒకసారి పడిన కష్టాన్ని తర్వాతివారు మళ్లీ పడనక్కర్లేకుండా చేయడమే నియమం చేసే పని.

ఈ వివాదం పాశ్చాత్య న్యాయశాస్త్రంతో పుట్టిందని ఎవరైనా అనుకుంటే, వారిని భారతం కర్ణపర్వం చదవమని కోరతాను. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరంలో పడుకున్న ధర్మరాజు, తనను చూడడానికి అర్జునుడు వచ్చినప్పుడు, కర్ణుడు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి బాధతో, కోపంతో, గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమంటాడు. అర్జునుడు వెంటనే కత్తి దూస్తాడు. గాండీవాన్ని వదిలేయమన్నవాడి తల నరుకుతానని అతనికి ఏనాడో పట్టిన ప్రతిజ్ఞ ఉంది. ప్రతిజ్ఞ కూడా నియమమే. అందులో "అన్నగారు తప్ప" అన్న మినహాయింపు లేదు. అర్జునుడు దాన్ని అక్షరాలా అమలు చేయబోయాడు.

అప్పుడు కృష్ణుడు అతనికి కౌశికుడి కథ చెప్తాడు. నదుల సంగమం దగ్గర నివసించే కౌశికుడు ఎప్పుడూ నిజమే చెప్పాలని వ్రతం పట్టినవాడు. దొంగలకు భయపడి పారిపోతున్న కొందరు అడవిలో దాక్కున్నారు. వెంటపడిన దొంగలు వచ్చి అడిగితే, వాళ్లు ఎక్కడున్నారో కౌశికుడు చెప్పేశాడు. దొంగలు వాళ్లను చంపేశారు. సత్యవ్రతం చెక్కుచెదరని కౌశికుడు నరకానికి పోయాడు. సత్యం చెప్పాలన్న నియమం ఏ ధర్మాన్ని నిలబెట్టడానికి ఉన్నదో ఆలోచించకుండా నియమాన్ని మాత్రమే పట్టుకున్నందుకు అతనికి ఆ గతి పట్టింది.

ఇంతవరకు చాలామందికి గుర్తుంటుంది. నాకు ఇంకా విలువైనదిగా కనిపించేది ఆ తర్వాతి భాగం. ప్రతిజ్ఞను గాలికి వదిలేయమని కృష్ణుడు చెప్పడు. గౌరవనీయుడైన పెద్దవాణ్ణి "నువ్వు" అని సంబోధించి అవమానిస్తే అతన్ని చంపినట్టే కాబట్టి అన్నను అలా నిందించమంటాడు. అర్జునుడు నిందిస్తాడు, వెంటనే ఆ పాపానికి కుమిలిపోయి తనను తాను చంపుకోబోతాడు. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానం కాబట్టి తనను తాను పొగడుకోమని కృష్ణుడు దానికీ దారి చూపిస్తాడు. దీన్ని తెలివిగా తప్పించుకోవడం అనేవారున్నారు, నేను అలా చూడను. నియమాన్ని పక్కకు జరపవలసి వచ్చినప్పుడు అది ఉచితంగా జరగలేదు. అర్జునుడు తన జీవితంలో ఏనాడూ చేయని పని చేసి, సిగ్గుతో తల దించుకొని, అన్న కాళ్లమీద పడవలసి వచ్చింది. మినహాయింపు కోరినవాడు దాని భారాన్ని తానే మోశాడు.

గాంధీజీ జీవితంలో కూడా ఇలాంటి సందర్భం ఒకటి ఉంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని జబ్బుతో విలవిలలాడుతుంటే, ఆయన డాక్టరును పిలిపించి సూదిమందుతో దాని ప్రాణం తీయించారు. ప్రాణి హింస కూడదన్న నియమాన్ని అహింసా సూత్రం కోసమే ఆయన దాటారు. దేశమంతటి నుంచి నిందలు వచ్చిపడ్డాయి. ఇందులో గమనించవలసినవి ఏమిటంటే, దాని వల్ల ఆయనకు వచ్చే లాభం ఏమీ లేదు, చేసిన పనిని ఆయన దాచలేదు, తానే తన పత్రికలో కారణాలు రాసి విమర్శలకు జవాబు చెప్పారు.

నియమం దాటాలని అనిపించినప్పుడల్లా మనల్ని మనం అడుగవలసిన ప్రశ్నలు ఇక్కడే ఉన్నాయి. దీనివల్ల ఎవరికి మేలు? దీని కారణాన్ని నేను బహిరంగంగా చెప్పగలనా? రేపు ఇదే స్థితిలో ముక్కూమొహం తెలియనివాడు వస్తే అతనికీ ఇలాగే చేస్తానా? వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందు వచ్చినవారికి ముందు దర్శనం అన్నది నియమం, భగవంతుడి ముందు అందరూ సమానులన్నది సూత్రం. ఏడాది లోపు పసిబిడ్డలతో వచ్చే తల్లిదండ్రులకూ, 65 ఏళ్లు దాటిన వృద్ధులకూ, దివ్యాంగులకూ వేరే దారి కల్పించడం పైకి నియమాన్ని తప్పించినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఆ సూత్రం లోంచే వచ్చింది. గంటల తరబడి నిలబడడమన్న భారం అందరి మీదా సమానంగా పడదు కదా. "నేను ఫలానావారి మనిషిని" అని వరుస తప్పించమనేవాడు మాత్రం ఏ సూత్రాన్నీ చూపలేడు. రెండూ మినహాయింపులే, కానీ మొదటిదానికి పుట్టిల్లు ఉంది, రెండవదానికి లేదు.

ఇంతసేపూ నియమం గుడ్డిగా నడిచే ప్రమాదం గురించి చెప్పాను. నియమం తోడు లేని సూత్రం గతి ఏమవుతుందో కూడా మీరు తెలుసుకోవాలి. మన తిరుచానూరులో పుట్టి, తర్వాత లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యులుగా ఉన్న రాజ్యాంగ సభ, రాజ్యాంగం నాలుగవ భాగంలో, ప్రభుత్వాలకు దారి చూపే ఆదేశిక సూత్రాలను చేర్చింది. వీటిని న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకోలేమని, అయినా దేశ పాలనకు ఇవి మౌలికమైనవని 37వ అధికరణం చెప్తుంది. బ్యాంకు తనకు వీలైనప్పుడు చెల్లించే చెక్కు లాంటివని కె.టి. షా ఆ సభలోనే విమర్శించారు. 45వ అధికరణం, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 10 ఏళ్లలోగా 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్పింది. అంటే 1960 నాటికి. 1960 వచ్చింది, పోయింది. పిల్లలు పొలాల్లో, హోటళ్లలో, బీడీల పనిలోనే ఉండిపోయారు. 1993లో ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్ల వరకు చదువు జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా చేసే 21-ఎ అధికరణాన్ని చేర్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 1950లో రాసుకున్న సూత్రం, బడి తలుపు తట్టే నియమంగా మారడానికి 60 ఏళ్లు పట్టింది. ఆ 60 ఏళ్లలో చదువు లేకుండా పెరిగిన ప్రతి మనిషీ ఆ సూత్రాన్ని గౌరవించిన దేశంలోనే పెరిగాడు. గౌరవం ఒక్కటే చాలదు.

విద్యాహక్కు చట్టంలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్న లెక్క ఉంది. ఇప్పుడు ఏ ఊరి తల్లి అయినా వేళ్లమీద లెక్కపెట్టి "మా బడిలో ఒక్కరే ఉన్నారే" అని అడగవచ్చు. అదే చట్టంలో 14వ సెక్షన్ రెండవ ఉపవిభాగం నాకు చాలా ఇష్టం. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించకూడదని అది అంటుంది. చేర్చుకోవడానికి వయసు పత్రం అడగడం నియమం. ఆ నియమమే బిడ్డను బయట నిలబెట్టకుండా చూసే మరొక నియమాన్ని దాని పక్కనే కూర్చోబెట్టారు. చట్టం రాసినవారు సూత్రాన్ని మరవకపోతే ఎలా రాస్తారో దానికి ఇది నిదర్శనం.

ఉద్యోగాల్లో చేరినవారు తప్పనిసరిగా తెలుసుకోవలసిన తీర్పు ఒకటుంది, 1969లో సుప్రీంకోర్టు ఇచ్చిన క్రైపాక్ కేసు తీర్పు. జమ్మూ కశ్మీర్ నుంచి భారత అటవీ సేవకు అధికారులను ఎంపిక చేయడానికి ఒక బోర్డు వేశారు. రాష్ట్ర ప్రధాన అటవీ సంరక్షణాధికారి ఆ బోర్డులో సభ్యుడిగా ఉండాలని నిబంధనల్లోనే ఉంది. అప్పుడు ఆ పదవిలో తాత్కాలికంగా ఉన్న నకీష్‌బంద్ కూడా ఎంపిక కోరుతున్న అభ్యర్థే. తన పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన బోర్డులో కూర్చోలేదు. అయితే తన పోటీదారుల పేర్లు పరిశీలించినప్పుడు కూర్చున్నారు, వరుసక్రమం తయారుచేసినప్పుడూ ఉన్నారు. జాబితాలో ఆయన పేరు మొదట ఉంది, ఆయనకు పైన ఉండాలని పోరాడుతున్నవారి పేర్లు లేవు.

నిబంధన ఎక్కడ ఉల్లంఘించారు? ఎక్కడా లేదు. బోర్డులో ఆయన ఉండాలన్నదే నిబంధన. అయినా ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఎంపికను కొట్టివేసింది. తన వ్యవహారంలో తానే న్యాయనిర్ణేత కాకూడదన్నది సహజ న్యాయ సూత్రం. అది న్యాయస్థానాలకే కాదు, కార్యాలయంలో జరిగే పరిపాలనా నిర్ణయాలకు కూడా వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. పరిపాలనా నిర్ణయానికీ న్యాయ నిర్ణయానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోతోందని జస్టిస్ హెగ్డే వివరించారు. ఫైలు మీద అన్ని సంతకాలూ, అన్ని తేదీలూ సరిగ్గా ఉండి కూడా ఒక నిర్ణయం అన్యాయం కాగలదు. "నిబంధనల ప్రకారమే చేశాం" అన్న జవాబు దగ్గర మీ ఆలోచన ఆగిపోకూడదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

నియమమూ సూత్రమూ ఒకే చట్టంలో పక్కపక్కన ఎలా పనిచేస్తాయో చూడాలంటే 2005 సమాచార హక్కు చట్టం చదవండి. అడిగిన సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి, ఒకరి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. ఇందులో తూకానికి చోటు లేదు, రోజులు లెక్కపెట్టుకోవడమే. 8వ సెక్షన్ మొదట కొన్ని మినహాయింపులు చెప్పి, వెంటనే, సమాచారం వెల్లడించడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం, దాచడం వల్ల కాపాడే ప్రయోజనాలకు జరిగే హాని కంటే ఎక్కువైతే ఇవ్వవచ్చునంటుంది. మొదటి పనికి క్యాలెండరు చాలు. రెండవ పనికి విచక్షణ కావాలి, కారణాలు రాసే అలవాటు కావాలి. రెండవ రకం పనిని కూడా మొదటి రకం పనిలా చేసేయాలని చూడడం మన కార్యాలయాల్లో తరచుగా కనిపించే లోపం. తూచమని చట్టమే చెప్పినచోట తూచకపోవడం కూడా చట్టాన్ని ఉల్లంఘించడమే.

నా ప్రసంగం ఇక్కడితో ఆపుతాను. మీరు అడిగితే జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

(ప్రసంగం తర్వాత ఒక యువ ఉద్యోగిని అడిగిన ప్రశ్న: "సార్, న్యాయమూర్తులకు తూచే అధికారం ఉంది. మాలాంటి కిందిస్థాయి ఉద్యోగులకు అది ఎక్కడుంది? మేము సూత్రం అని మాట్లాడితే పైవాళ్లు మెమో ఇస్తారు. పైగా ఎవరికి వారు తూచడం మొదలుపెడితే లంచాలకు దారి తెరిచినట్టు కాదా?")

మంచి ప్రశ్న అడిగావమ్మా. నీ భయంలో న్యాయం ఉంది. విచక్షణ ఉన్నచోట దాన్ని అమ్ముకునేవాళ్లూ ఉంటారు. అందుకే నేను నియమాన్ని దాటమని మీకు చెప్పడం లేదు. మీకు అధికారం లేనిచోట మీరు దాటకూడదు కూడా. ఉదాహరణకు వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మ పింఛను కోసం వచ్చిందనుకుందాం. యంత్రం ఆమెను గుర్తించడం లేదు. గుర్తింపు నిర్ధారించడం నియమం, అర్హులకే, అర్హులందరికీ అందాలన్నది దాని వెనుక ఉన్న సూత్రం. మొదట మీరు చేయవలసింది, ఆ నియమంలోనే ఇంకొక దారి ఉందేమో చదవడం. చాలాసార్లు ఉంటుంది. ఆధార్ చట్టం 7వ సెక్షన్ చూడండి, ఇంకా ఆధార్ సంఖ్య రానివారికి ప్రత్యామ్నాయ గుర్తింపు మార్గం చూపాలని అందులోనే ఉంది. ఇలాంటి వాక్యాలు ఉత్తర్వు చివరి పేరాల్లో, షరతుల్లో, వివరణల్లో దాగి ఉంటాయి. అక్కడిదాకా చదవకుండానే "రూలు ఒప్పుకోదు" అనేవారిని నేను ఎంతోమందిని చూశాను.

నిజంగా దారి లేకపోతే పైఅధికారికి రాయండి. నోటితో చెప్పడం కాదు, రాయాలి. నియమాలు మారేది అలాగే. పాత శిక్షాస్మృతి 303వ సెక్షన్, యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీ హత్య చేస్తే మరణశిక్ష తప్ప మరొకటి వేయకూడదనేది. సందర్భం ఏమిటి, కారణం ఏమిటి అని చూసే అవకాశం న్యాయమూర్తికి లేదు. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని స్థానంలో వచ్చిన 104వ సెక్షన్, మరణశిక్ష గాని, మిగిలిన జీవితమంతా జైలు గాని వేయవచ్చునని న్యాయమూర్తికి ఎంపిక ఇచ్చింది. నియమం సూత్రానికి ఎదురు తిరిగిందని ఎవరో ఒకరు ముందు కాగితం మీద పెట్టారు కాబట్టే అది మారింది.

లంచం గురించి అడిగావు. అమ్ముకునే విచక్షణకు కారణాలు ఉండవు, ఉన్నా రాయరు. అందుకని నీ దగ్గరికి వచ్చిన దరఖాస్తును ఒప్పుకున్నా, తిరస్కరించినా, ఏ నిబంధన కింద, ఏ కారణంతో అన్నది రెండు మూడు వాక్యాల్లో ఫైలులో రాయి. అదే స్థితిలో తర్వాత వచ్చేవారికి అదే కారణం వర్తించేలా రాయి. నియమం అర్హురాలిని బయట నిలబెట్టిందని నీకు అనిపించిన ప్రతి దరఖాస్తునూ వేరే రిజిస్టరులో తేదీతో సహా నమోదు చేసుకో. ఏడాది తిరిగేసరికి అందులో ఒకే రకం తిరస్కారాలు పదిహేనో ఇరవైయో కనబడితే, ఆ పేజీల నకలు జతచేసి, సవరణ కోరుతూ మీ శాఖకు పంపు. అప్పుడు మెమో వచ్చినా నీ దగ్గర చూపించడానికి కాగితం ఉంటుంది, పైవాళ్ల దగ్గర చదవడానికి కారణం ఉంటుంది.